టమాటాకు చల్లటి రాత్రి కావాలి

ఏప్రిల్ వచ్చిందంటే నెల్లూరు మిద్దెతోటల్లో ఒకటే మాట: "చెట్టు పచ్చగా ఉంది, పూత బ్రహ్మాండంగా వచ్చింది, పిందె మాత్రం ఒక్కటీ నిలవడం లేదు." నీళ్లు చాల్లేదేమోనని ఇంకో బిందె పోస్తాం. బలం తగ్గిందేమోనని గుప్పెడు యూరియా వేస్తాం. చెట్టు ఇంకా గుబురుగా పెరుగుతుంది, పూలు అలాగే రాలతాయి.

రాలిన పువ్వు ఒకటి అరచేతిలో వేసుకుని చూడండి. కాడ చిరిగినట్టు ఉండదు, బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటుంది. టమాటా పూకాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. పువ్వు కాయగా మారదని తేలాక చెట్టే దాన్ని అక్కడ తెంచి వదిలేస్తుంది.

మారకపోవడానికి ముఖ్య కారణం పుప్పొడి. పువ్వు విచ్చుకోవడానికి వారం పది రోజుల ముందే అది మొగ్గలో తయారవుతుంది. అప్పుడు వేడి ఎక్కువైతే రేణువుల్లో పిండిపదార్థం సరిగా చేరదు, చాలావరకు తాలు గింజల్లా మిగులుతాయి. అంటే ఈరోజు రాలిన పువ్వుకు దెబ్బ తగిలింది పోయిన వారం. కొన్ని పూలలో కీలం, అంటే పువ్వు నడుమ ఉండే ఆడ కాడ, సాగి పుప్పొడి ఉండే పసుపు గొట్టంలోంచి బయటికి పొడుచుకొస్తుంది. పుప్పొడి లోపల, అది అందుకోవాల్సిన కొన బయట!

అందరం పగటి ఎండనే తిట్టుకుంటాం గానీ, రాత్రి వేడి చేసే నష్టం తక్కువేం కాదు. పగలు ఆకులు చేసుకున్న చక్కెరలో కొంత చెట్టు రాత్రి శ్వాసకు ఖర్చవుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత పెరుగుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కు దిగకపోతే చాలా రకాల్లో పిందె కట్టడం కష్టం. మే నెలలో మనకు రాత్రి కూడా 28 దగ్గరే ఉంటుంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రికి చల్లబడుతుంది. అక్కడి వేసవి పంట లెక్క మనకు కుదరదు.

అందుకే నేను ముందు చూసేది క్యాలెండరే. డిసెంబరు మొదట్లో విత్తనం, జనవరిలో నాటు, మార్చి ముగిసేలోపు పిందెలు. నిలిచిన కాయ ఎండను కొంత ఓర్చుకుంటుంది.

ఆ తర్వాత వేరును కాపాడుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి నల్ల గ్రోబ్యాగ్ మీద చెయ్యి పెట్టండి, నిలవదు. లోపల వేళ్లు ఆ వేడిలోనే ఉన్నాయి. బ్యాగ్ చుట్టూ తడి గోనెపట్టా కట్టండి, మట్టి మీద నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి పరవండి. పడమటి వైపు షేడ్‌నెట్ చాలు, పొద్దుటి ఎండ తగలనివ్వండి. వెనకటికి మిద్దె మీద పక్కలేసుకునే ముందు నీళ్లు చల్లేవాళ్లం కదా, ఆ పని మొక్కల కోసం మళ్లీ మొదలుపెట్టండి. స్లాబు సెగ తగ్గుతుంది.

నీళ్లు రోజూ ఒకే తీరుగా అందాలి. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు కుమ్మరిస్తే కాల్షియం కాయ కొన దాకా చేరక అడుగు నల్లబడుతుంది.

30 డిగ్రీలు దాటాక ఎరుపునిచ్చే లైకోపీన్ తయారీ మందగిస్తుంది, పసుపు రంగు మాత్రం ఏర్పడుతూనే ఉంటుంది. చెట్టు మీదే ఉంచినా కాయ నారింజ రంగు దగ్గర ఆగిపోవడం అందుకే. అడుగున రంగు తిరగగానే కోసి, ఇంట్లో చల్లటి మూలన పళ్లెంలో విడివిడిగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే అసలు పండదు.