ఊరిని అడగకుండా అమ్మిన దీవి

స్కాట్లాండ్ పడమటి తీరంలో ఒక దీవి అమ్మకానికి వచ్చిందంటే ముందు ఫొటోలు తిరుగుతాయి. నీలం నీళ్లు, పచ్చిక, ఓ పాత కోట, పక్కన ధర. 2025లో షునా దీవి విషయంలోనూ అదే జరిగింది. సుమారు 1100 ఎకరాలు, శిథిలమైన కోట, 1945 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఆస్తి, అడుగుతున్న ధర 55 లక్షల పౌండ్ల పైమాటే. లాటరీ తగిలితే కొనేద్దామని జోకులు వేసేవాళ్లు వేశారు. అదే ఏడాది నవంబరులో స్కాట్లాండ్ పార్లమెంటు కొత్త భూసంస్కరణల బిల్లును ఆమోదించడంతో పాత తగాదా మళ్లీ పైకి తేలింది. దీవిని అమ్మే ముందు అక్కడ ఉంటున్నవాళ్లకు చెప్పాలా, అక్కర్లేదా?

భూసంస్కరణలు అంటే మనకు సీలింగ్ గుర్తొస్తుంది. అక్కడ ఆ ఊసే లేదు. ఒక మనిషికి ఎంత భూమైనా ఉండొచ్చు, మొత్తం దీవే ఉండొచ్చు. గొడవంతా అది చేతులు మారే పద్ధతి గురించి.

దీని మూలాలు చెప్పమంటే చాలామంది పంతొమ్మిదో శతాబ్దం నుంచి మొదలుపెడతారు. గొర్రెల కోసం రైతు కుటుంబాలను ఖాళీ చేయించడం, కెనడాకు ఓడలెక్కించడం వగైరా. ఆ కథ చాలాసార్లు విన్నదే కాబట్టి దాని జోలికి పోను. ఇవాళ్టి చట్టంలోని ప్రతి క్లాజు వెనకా నాకు కనిపించేది మాత్రం 1995లో ఎగ్ అనే చిన్న దీవి అమ్మకం.

ఎగ్ స్కై దీవికి దక్షిణంగా ఉంటుంది. మాలెగ్ రేవు నుంచి ఫెర్రీలో వెళ్లాలి. పొడవు తొమ్మిది కిలోమీటర్లకు మించదు. 393 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా లేచిన స్గూర్ అనే నల్లరాతి కొండ దూరం నుంచే కనబడుతుంది. ఎక్కితే చుట్టూ ఉన్న దీవులన్నీ ఒక్కచూపులో తెలుస్తాయి. పడమటి ఒడ్డున ఎండిన ఇసుక మీద నడిస్తే కీచుమంటుంది. బయటివాళ్లు మామూలుగా కారు తీసుకెళ్లడానికి లేదు. 2004లో ఫెర్రీ ఆనడానికి కొత్త రేవు కట్టేదాకా, పెద్ద పడవ నీళ్లలోనే ఆగేది. మనుషులు, మూటలు, సరుకులు అన్నీ చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు చేరాల్సిందే. గాలి ఎక్కువైతే అదీ లేదు.

ఈ దీవిని 1975లో కీత్ షెలెన్‌బర్గ్ అనే వ్యాపారవేత్త మూడు లక్షల పౌండ్ల లోపే కొన్నాడు. వింటర్ ఒలింపిక్స్‌లో బాబ్‌స్లెడ్ అనే మంచు బండి నడిపినవాడు, శాకాహారి, పాత కార్లంటే పిచ్చి. ఎగ్ గురించి రాసిన ప్రతి కథనమూ ఆయన దగ్గరే ఆగిపోతుంది. ఆగడానికి కారణం 1994 జనవరిలో రేవు దగ్గరి షెడ్డులో కాలిపోయిన ఆయన రోల్స్‌రాయిస్. కార్లలో తిరిగే దొర, మండిపోయిన జనం, ఓ అర్ధరాత్రి మంట. సినిమాకు సరిపోయే మసాలా అంతా ఉంది. ఎవరు తగలబెట్టారో తేలలేదు, ఎవరి మీదా కేసు నిలవలేదు.

షెలెన్‌బర్గ్ వైపు మాటా ఉంది. ఆయన వచ్చేనాటికి దీవిలో నలభై మంది కూడా లేరు. టూరిజం అన్నాడు, పనులు పెట్టాడు, బయటి నుంచి కుటుంబాలు వచ్చాయి, మొదటి ఏళ్లలో జనం పెరిగారు. ఇళ్లు పాతబడ్డాయన్న ఫిర్యాదుకు, హెబ్రిడీస్ (ఎగ్ కూడా ఉన్న పడమటి తీరపు దీవుల గుంపు) సహజమైన వాతావరణం చెడకుండా కాపాడానని చెప్పుకునేవాడు. తడి గోడల మధ్య చలికాలం గడిపినవాళ్లకు ఆ వాతావరణం ఎంత రుచించిందో వేరే చెప్పక్కర్లేదు.

రోల్స్‌రాయిస్ కథతో చిక్కేమిటంటే అది విషయాన్ని ఒక మనిషి స్వభావానికి కుదించేస్తుంది. యజమాని మంచివాడైతే సరిపోయేది కదా అనిపిస్తుంది. భూస్వాముల సంఘాలు ఈనాటికీ చెప్పేది దాదాపు ఇదే: మంచి యజమానులూ ఉన్నారు, ఒకరిద్దరి వల్ల అందరినీ కట్టడి చేయడం అన్యాయం. దానికి జవాబు 1995లో ఉంది.

ఆ ఏడాది షెలెన్‌బర్గ్ ఎగ్‌ను అమ్మేశాడు. అప్పటికే దీవి కోసం ఒక ట్రస్టు ఉంది, 1991లోనే పెట్టారు. దీవివాసులు తామే కొనుక్కుంటే ఎలా ఉంటుందని చర్చించుకుంటున్నారు. కానీ వాళ్లను అడగాల్సిన పని చట్టప్రకారం ఎవరికీ లేదు. సుమారు 16 లక్షల పౌండ్లకు దీవిని కొన్నది మరూమా అనే పేరుతో చలామణీ అయిన జర్మన్ చిత్రకారుడు. నిప్పుతో బొమ్మలు వేస్తానని చెప్పుకునేవాడు. వచ్చి చూశాడు, పెద్ద పెద్ద అభివృద్ధి మాటలు చెప్పాడు, వెళ్లిపోయాడు. తర్వాత తెలిసిన సంగతి, దీవిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడని. 1996లో 20 లక్షల పౌండ్ల ధర పెట్టి మళ్లీ అమ్మకానికి తెచ్చారు.

షెలెన్‌బర్గ్‌ను ప్రేమించినా తిట్టినా ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. మరూమా కాలంలో తిట్టడానికి కూడా ఎవరూ లేరు. దీవి మీద బతికే అరవై అయిదు మంది ఉన్న ఒక ఊరు, వాళ్ల ఇళ్లు, రేవు, కొట్టు ఉన్న స్థలంతో సహా, ఎక్కడో ఎవరి అప్పుకో హామీగా మారిపోయింది. చాలామందికి రాతపూర్వకమైన కౌలు లేదు. కౌలు కాగితం లేకపోతే ఇల్లు బాగుచేసుకోవడానికి ప్రభుత్వ గ్రాంటు రాదు. సొంత డబ్బు పెట్టి కప్పు వేయించుకుందామంటే, రేపు ఖాళీ చేయమంటే ఏంటని టెన్షన్. ఇల్లు కారుతూనే ఉంటుంది. దీనికి యజమాని దుర్మార్గుడు కావాల్సిన అవసరం లేదు, కనబడకుండా ఉంటే చాలు.

అందుకే 1996లో మొదలైన ఉద్యమం తీరు మారింది. అంతకుముందు యజమాని మీద ఫిర్యాదులు ఉండేవి, ఇప్పుడు కొనుగోలు లెక్కలు మొదలయ్యాయి. దీవివాసుల సంఘం, అక్కడి స్థానిక ప్రభుత్వమైన హైలాండ్ కౌన్సిల్, వన్యప్రాణుల సంరక్షణ సంస్థ స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ కలిసి ఎగ్ హెరిటేజ్ ట్రస్టును పెట్టాయి. డైరెక్టర్లలో నలుగురు దీవివాసులు, మిగతా రెండు సంస్థల నుంచి ఇద్దరిద్దరు. లాటరీ నిధుల సంస్థ నుంచి డబ్బొస్తుందనుకున్నారు, రాలేదు. చందాల పిలుపు దేశమంతా పాకింది. వేలమంది చిన్న చిన్న మొత్తాలు పంపారు. పెద్ద వంతు మాత్రం ఉత్తర ఇంగ్లండ్‌కు చెందిన ఒక మహిళ ఇచ్చింది, పేరు బయటపెట్టొద్దన్న షరతుతో. ప్రభుత్వ సొమ్ము నామమాత్రం. 1997 జూన్ 12న 15 లక్షల పౌండ్లకు దీవి ట్రస్టు చేతికి వచ్చింది.

ఆ ఏడాది కాలం కలిసొచ్చింది. మే 1న లేబర్ పార్టీ గెలిచింది. సెప్టెంబరులో స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంటు కావాలా అన్న రెఫరెండం జరిగింది, జనం కావాలన్నారు. కొత్త పార్లమెంటు చేతికి వచ్చిన పెద్ద పనుల్లో భూమి ఒకటి. అప్పటికి అందరి కళ్ల ముందున్న ఉదాహరణ ఎగ్. 2003 భూసంస్కరణల చట్టం ముఖ్యంగా రెండు పనులు చేసింది. ఎవరి భూమి అయినా సరే, బాధ్యతగా నడిచి తిరిగే హక్కు అందరికీ ఇచ్చింది. అందుకే ఇవాళ బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కు స్కై వెళ్లి, అక్కడి నుంచి ఏ ప్రైవేటు దీవిలో దిగినా, ఇళ్ల ముంగిళ్లు, పంట చేలు వదిలేసి నడవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఇంత విశాలమైన హక్కు లేదు. ఇక రెండోది, భూమి అమ్మకానికి వస్తే ముందుగా కొనే అవకాశం స్థానిక సంఘానికి ఇచ్చింది.

రెండోదాంట్లోనే లొసుగు. సంఘం ముందే ఏర్పడి, ఫలానా భూమి మీద మాకు ఆసక్తి ఉందని రిజిస్టరు చేయించుకుని ఉండాలి. ఆ నమోదు అయిదేళ్లే చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవాలి. అమ్మకం వార్త వచ్చాక పరిగెత్తేవాళ్లకు గండాలు ఎక్కువ. యజమాని ఎప్పుడు అమ్ముతాడో ముందే తెలిస్తే కదా సిద్ధంగా ఉండేది! అంటే 1995లో ఎగ్‌కు జరిగింది చట్టం వచ్చాకా జరగొచ్చు, కాకపోతే ఇప్పుడు తప్పు ఊరిదే అనొచ్చు. 2024 మార్చిలో ప్రవేశపెట్టిన బిల్లు ఈ కంతను పూడ్చడానికే వచ్చింది. పెద్ద ఎస్టేటు అమ్మేముందు యజమాని ప్రభుత్వానికి తెలియజేయాలి, ఆసక్తి ఉన్న సంఘాలకు ఆ కబురు చేరాలి, కొంతకాలం అమ్మకం ఆగాలి. ఇందుకు బిల్లు గీసిన గీత 1000 హెక్టార్లు.

ఆ లెక్క పెట్టి చూడండి. ఎగ్ సుమారు 3000 హెక్టార్లు, కాబట్టి గీత లోపలికి వస్తుంది. షునా 450 హెక్టార్లు కూడా లేదు. పెద్ద ఎస్టేట్లను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత చిన్న దీవులకు ఎలా సరిపోతుంది? ప్రధాన భూభాగంలో 450 హెక్టార్లు ఒక ఎస్టేటులో ఓ మూల, సముద్రం మధ్యలో అయితే అదే మొత్తం లోకం.

భూస్వాముల వైపు నుంచి వినిపించే వాదన తేలికగా తీసేయలేనిది. ఊరి చేతికి వచ్చిన దీవులన్నీ ప్రజాధనం మీద నిలబడ్డాయంటారు. గీయా దీవిని 2002లో దీవివాసులు 40 లక్షల పౌండ్లకు కొన్నారు. అందులో పది లక్షలు రెండేళ్లలో తిరిగి కట్టాలి. అచమోర్ హౌస్ అనే భవంతిని అమ్మి, విరాళాలు పోగుచేసి, గడువులోగా కట్టారు. ఉల్వా 2018లో చేతులు మారినప్పుడు ప్రభుత్వ నిధి అయిన స్కాటిష్ ల్యాండ్ ఫండ్ 44 లక్షల పౌండ్ల దాకా ఇచ్చింది. అప్పటికి అక్కడున్నది అరడజను మంది. తలకు ఎంత పడిందని విమర్శకులు లెక్కలు కట్టారు. 1837 ప్రాంతంలో అదే దీవిలో 600 మంది ఉండేవారన్నది ఆ లెక్కల్లో కనిపించదు.

ఎగ్ పక్కనే ఉన్న రమ్ దీవి ఇంకో రకం. 1957 నుంచి అందులో చాలా భాగం ప్రభుత్వ సంస్థది. అక్కడి కిన్‌లాక్ కోటను ఒక సంపన్నుడు కొంటానంటే, ఊరివాళ్లు అభ్యంతరాలు చెప్పారు, మంత్రి ఆపి ఆలోచించమన్నారు, 2023లో ఆ సంపన్నుడు విరమించుకున్నాడు. కోట మాత్రం పాడుబడుతూనే ఉంది. ఊరిని అడిగితే అన్నీ చక్కబడతాయనేవాళ్లు రమ్ గురించి పెద్దగా మాట్లాడరు.

ఊరే లేని దీవి దారి వేరు. ఇంగ్లండ్‌లో డెవాన్ తీరానికి దూరంగా ఉన్న లండీ 1969లో అమ్మకానికి వచ్చినప్పుడు, జాక్ హేవర్డ్ అనే ధనికుడు లక్షా యాభై వేల పౌండ్లు ఇచ్చి వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్టుతో కొనిపించాడు. ఒక చెక్కుతో పని అయిపోయింది. అక్కడ అడగాల్సిన కౌలుదార్ల ఊరంటూ లేదు.

ఎగ్‌లో కొనుగోలు తర్వాత జరిగింది చూస్తే నా మొగ్గు ఎటో అర్థమవుతుంది. ముందు కౌలు కాగితాలు ఇచ్చారు. 1998లో రేవు దగ్గర కొట్టు, టీ గది, పోస్టాఫీసు ఒకే కప్పు కింద వచ్చాయి. దేశ గ్రిడ్ లేని ఆ దీవిలో అప్పటిదాకా ఇంటికో డీజిల్ జనరేటరు. 2008 ఫిబ్రవరి 1న సొంత కరెంటు వచ్చింది: వాగు నీళ్లు, గాలి, ఎండ, వాటికి తోడు బ్యాటరీలు, అవసరానికి డీజిల్. ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10. కెటిల్, వాషింగ్ మెషీన్ ఒకేసారి నడుస్తాయి. ఆపైన ఇంకేదో పెద్దది వేస్తే ఇల్లు చీకటే. మళ్లీ కలపాలంటే మనిషి రావాలి, రుసుము కట్టాలి. గాలి, వాన బాగున్న రోజు మిగిలిన కరెంటు ఊరి హాలును వెచ్చబెట్టడానికి పోతుంది. ఈ పరిమితిని పైనుంచి ఎవరో రుద్దలేదు, వాళ్లే కూర్చుని పెట్టుకున్నారు. జనాభా వంద దాటింది.

వెయ్యి హెక్టార్ల కంటే చిన్న దీవులకు మిగిలేది 2003 నాటి దారే: ముందే సంఘం పెట్టుకోవడం, నమోదు చేయించుకోవడం, అయిదేళ్లకోసారి పొడిగించుకోవడం. అందుకు మనుషులు కావాలి. అరడజను మంది ఉన్న ఉల్వా కోసం దరఖాస్తు పెట్టింది ఉల్వా వాళ్లు కారు. ఇరుకైన పాయకు ఇవతల, మల్ దీవి వాయవ్య కొసన ఉన్నవాళ్లు తమ అడవి కోసం పెట్టుకున్న సంస్థ ఆ పని చేసింది.