కూచిపూడి నర్తకికి తృప్తి ఎక్కడ దొరుకుతుంది? అపోహలు – వాస్తవాలు

అపోహ: చప్పట్లు ఎంత గట్టిగా పడితే ప్రదర్శన అంత పండినట్టు.

వాస్తవం: నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ఈ లెక్కంతా ఉంది. చిరునవ్వు, పెద్దగా నవ్వడం, మెచ్చుకోలు మాటలు, ఒళ్ళు పులకరించడం, లేచి నిలబడటం, వస్త్రాలూ ఉంగరాలూ విసరడం మానుషీ సిద్ధి, అంటే మనుషుల స్పందనలో కనిపించే సఫలత. రంగస్థలం ముందు జనం నిండుగా ఉండీ చప్పుడూ కలకలమూ లేకపోతే అది దైవీ సిద్ధి, అంటే దైవికమైన సఫలత. చప్పట్లను నాట్యశాస్త్రం రాసిన భరతుడేమీ చిన్నచూపు చూడలేదు. కాకపోతే అవి దేనికి పడ్డాయో మనం చూసుకోవాలి. కృష్ణలీలలు చెప్పే తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్ళెం ఎక్కగానే పడేవి సమతూకానికి పడతాయి. రెండు పాదాలూ అంచు మీద నిలిపి, మోకాళ్ళు వంచి, బరువు మార్చుకుంటూ కదులుతుంటే సభ మొత్తం పాదాలనే చూస్తుంది. కృష్ణలీల ముఖంలో కనబడాలంటే సాహిత్యాభినయం (పాట అర్థాన్ని అభినయించడం) పళ్ళెం ఎక్కకముందే పూర్తి కావాలి. ఎక్కాక జతులే (లయ అక్షరాలకు వేసే అడుగులు). రెండూ కలిపి ఇరికిస్తే చూపు కిందికి జారుతుంది, అభినయమూ పోతుంది, అడుగూ తడబడుతుంది.

అపోహ: ఒళ్ళు మరిచి ఆడితేనే అసలైన తృప్తి.

వాస్తవం: ఒళ్ళు మరిస్తే ముందుగా పోయేది తాళమే. ఆదితాళంలో ఒక చుట్టుకు (ఆవర్తనానికి) ఎనిమిది క్రియలు, అంటే చేతితో వేసే లెక్కలు; చతురస్ర గతిలో క్రియకు నాలుగు చొప్పున 32 మాత్రలు. ఐదు మాత్రల ‘తధిగిణతొం’ మూడుసార్లు వేసి సమం మీద (తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బ మీద) పల్లవి ఎత్తుకోవాలంటే 15 మాత్రలు కావాలి. కాబట్టి 17 మాత్రలు గడిచాకే, అంటే ఐదో క్రియ దెబ్బ పడ్డ తర్వాత ఒక్క మాత్ర ఆగి మొదలుపెట్టాలి. ఆవేశంలో ఆ దెబ్బ మీదే అడుగు వేస్తే ముక్తాయి (ఆ ముగింపు జతి) ఒక మాత్ర ముందే అయిపోతుంది. నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పడం) సర్దుకుంటుంది, మృదంగం సర్దుకుంటుంది, సభలో చాలామందికి తెలియనే తెలియదు. నర్తకికి మాత్రం ఆ ఒక్క మాత్ర చరణం పొడుగునా కాలికి ముల్లే.

మనసులో పుట్టి ఒంటి మీద కనబడే సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో కన్నీరూ ఒకటి. కానీ సాత్త్వికం పుట్టడానికి భరతుడు కోరింది మనసు ఒకచోట కుదురుగా నిలవడం. నిజంగానే ఏడ్చేస్తే గొంతు పూడుకుపోతుంది, కూచిపూడిలో వాచికమూ (నర్తకి నోటితో పలకడం) ఉందాయె.

అపోహ: కొత్త అంశాలు చేర్చుకుంటూ పోతేనే ఎదుగుదల.

వాస్తవం: ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఒక్క పల్లవి పంక్తి తీసుకుని నాలుగుసార్లు చేసి చూడండి. మొదటిసారి పదానికో హస్తం (చేతి ముద్ర). రెండోసారి వాక్యమంతటికీ ఒకే చిత్రం. మూడోసారి సంచారి, అంటే ఆ పంక్తి చుట్టూ అల్లే చిన్న కథ. నాలుగోసారి చేతులు దించేసి చూపుతోనే. ఆ నాలుగోది ఖాళీగా అనిపించిందంటే, మొదటి మూడింటిలోనూ చేతులు తిరిగాయి తప్ప చెప్పిందేమీ లేదు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువు (పాత్ర తనను పరిచయం చేసుకునే పాట) ఈ సాధనకు మంచిది. జడ ముందుకు వేసుకునే భంగిమ ఒకటే, అందులో గర్వమూ ఉండొచ్చు, చిలిపితనమూ ఉండొచ్చు.

చెడేది ఎక్కువగా సంచారి నుంచి తిరిగొచ్చే చోట. కృష్ణుడిగా నిలబడ్డ నర్తకి మళ్ళీ సత్యభామ కావాలి. హస్తం మారుతుంది, భుజాలూ మెడా మాత్రం కృష్ణుడివే మిగిలిపోతాయి. ముందు భుజాలు, ఆపైన మెడ, చూపు, చివరికి హస్తం అన్న వరసలో నెమ్మదిగా మార్చి సాధన చేస్తే ఇది పోతుంది.

ఇంకో తప్పు పట్టుకోవడం కష్టం. చెయ్యి వెళ్ళిన చోటికి చూపు వెళ్ళాలని అభినయ దర్పణం అనే నాట్యగ్రంథం నియమం. బాగా కంఠస్థమైన అంశంలో చెయ్యి చేరకముందే చూపు అక్కడికి చేరి కూర్చుంటుంది. తర్వాత ఏం రాబోతుందో పాత్రకు తెలియకూడదు, నర్తకికి తెలిసిన సంగతి కంట్లో బయటపడిపోతుంది.

అపోహ: పాత్ర స్వభావం మనకు దగ్గరగా ఉంటేనే పండుతుంది.

వాస్తవం: స్త్రీ పాత్రలన్నీ మగవాళ్ళే వేసిన సంప్రదాయం ఇది. కూచిపూడి నర్తకుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా పేరు పొందారు. ఇంక చెప్పేదేముంది.

అపోహ: నొప్పి ఓర్చుకుంటేనే సాధన.

వాస్తవం: కండరం అలిసిన నొప్పి వేరు, కీలు నొప్పి వేరు. అరమండిలో (మోకాళ్ళు వంచి సగం కూర్చున్న భంగిమలో) మోకాలు కాలివేళ్ళ దిశగానే తెరుచుకోవాలి. పాదాలు మాత్రం పక్కకు తిప్పి మోకాళ్ళు లోపలికి వాలితే భారమంతా కీలు మీద పడుతుంది. తుంటి నుంచి ఎంత తెరుచుకుంటే పాదాలూ అంతే తిప్పాలి. రాతి నేల మీద గంటలకొద్దీ అడుగులు కొట్టించడాన్ని క్రమశిక్షణ అనడం మానేస్తే బాగుంటుంది.

అపోహ: వీడియో చూసుకుంటే ఎలా ఆడామో తెలిసిపోతుంది.

వాస్తవం: హాలు వెనక నుంచి తీసిన వీడియోలో అడుగులూ అంగశుద్ధీ (భంగిమల స్పష్టత) తెలుస్తాయి, కళ్ళు కనబడవు. అందుకే వీడియో తెరవకముందు, ఆ రాత్రే, గుర్తున్న చోట్లు కాగితం మీద రాసుకోవాలి. ‘అక్కడ అలపద్మం (విచ్చిన తామర ముద్ర) పట్టాను’ అని గుర్తొస్తే ఆడింది చెయ్యి. ‘అక్కడ తామరపువ్వు చూశాను’ అని గుర్తొచ్చిన చోట్ల కింద గీత గీయండి, తృప్తి దొరికింది అక్కడే. గంటసేపు ఆడిన ప్రదర్శనలో అలాంటివి రెండు మూడు ఉన్నా తక్కువేమీ కాదు.