బయటికి దారి ఉన్న మెయిల్ సర్వర్

సంస్థకు సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుందామని అనుకోగానే చాలామంది చేసే మొదటి పని, నాలుగైదు ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చే) సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకుని పట్టిక వేయడం. క్యాలెండర్ ఉందా, చాట్ ఉందా, ఫోన్‌లో వస్తుందా అని టిక్కులు పెట్టుకుంటూ పోతారు. తీరా చూస్తే దాదాపు అన్నింటికీ అన్ని టిక్కులూ పడతాయి. అసలు తేడాలు ఆ పట్టికకు అందవు. ఒప్పందాలు, బిల్లులు, కోర్టు నోటీసులు, రాజీనామాలు ఏళ్ల తరబడి వచ్చి చేరే చోటు ఇది. అందుకే నేనైతే ముందు ఒక్కటే అడగమంటాను: రేపు దీన్ని వదిలేయాల్సి వస్తే మన మెయిల్ ఏ రూపంలో మన చేతికొస్తుంది?

దీనికి జవాబు దొరకాలంటే మూత తీసి లోపల చూడాలి. మెయిల్ సర్వర్ అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, అందులో నాలుగైదు ప్రోగ్రాములు ఎవరి పని వారు చేసుకుంటూ ఉంటాయి. బయటి నుంచి మెయిల్ అందుకోవడం, బయటికి పంపడం పోస్ట్‌ఫిక్స్ లేదా ఎక్సిమ్ పని. వచ్చినదాన్ని భద్రపరిచి, అడిగినప్పుడు ఫోన్‌కో కంప్యూటర్‌కో అందించేది డవ్‌కాట్ లేదా సైరస్. స్పామ్‌ను వడకట్టేది ఆర్‌స్పామ్‌డీ లేదా స్పామ్‌అసాసిన్. బ్రౌజర్‌లో ఇన్‌బాక్స్ చూపించేది రౌండ్‌క్యూబ్ లేదా సోగో. ఎవరి పాస్‌వర్డ్ ఏమిటో, ఎవరు ఏ విభాగమో చెప్పే డైరెక్టరీ వేరే ఉంటుంది. వీటిని కూర్చి, ఒక ఇన్‌స్టాలర్, ఒక అడ్మిన్ పేజీ, ఒక పేరు తగిలించి ఇచ్చేవే మెయిల్‌కౌ, ఐరెడ్‌మెయిల్, కోలాబ్, జింబ్రా లాంటివి. మెయిల్‌కౌ లోపల పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, ఆర్‌స్పామ్‌డీ, సోగో ఒక్కొక్కటీ ఒక్కో డాకర్ కంటైనర్‌లో, అంటే ఒక్కో విడి డబ్బాలో కనిపిస్తాయి. జింబ్రాలోనూ మెయిల్‌ను అందుకుని పంపేది పోస్ట్‌ఫిక్సే. భద్రపరిచేది మాత్రం దాని సొంత జావా ప్రోగ్రాం. ఈ తేడా దగ్గరికి కాసేపట్లో మళ్లీ వద్దాం.

పనులను ఇలా విడగొట్టడం వెనక ఒక చేదు అనుభవం ఉంది. 1988 నవంబర్‌లో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ (తనంతట తాను యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రాం) వాడుకున్న దారుల్లో సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాం ఒకటి. సెండ్‌మెయిల్ అన్ని పనులూ తానే చేసే పెద్ద ప్రోగ్రాం. పైగా యంత్రం మీద సర్వాధికారాలతో నడిచేది. దాంట్లో ఒక్క లోపం దొరికితే చాలు, సర్వర్ మొత్తం పరాయి చేతిలోకి పోయేది. ఐబీఎం పరిశోధనశాలలో వీట్సె వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ 1998 చివర్లో వచ్చింది. అందులో బయటివాళ్లతో మాట్లాడే ప్రోగ్రాంకు మెయిల్‌బాక్సుల్లో రాసే అధికారం ఉండదు. మెయిల్‌బాక్సుల్లో రాసే ప్రోగ్రాం బయటివాళ్లతో మాట్లాడదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజల్ 1995లో మొదలుపెట్టిన ఎక్సిమ్ చాలా సమర్థమైనదే, సెట్టింగులను మనకు కావలసినట్టు మలుచుకోవడంలో దానికి సాటి తక్కువ. కానీ దాని నిర్మాణం పాత పద్ధతిలోనే, ఒకే ముద్దగా ఉంటుంది. 2019లో బయటపడ్డ ఒక లోపం వల్ల, దాడిచేసేవారు దూరాన ఉండి పంపిన ఆదేశాలను ఎక్సిమ్ సర్వాధికారాలతో అమలు చేసేసేది. కొత్తగా పెట్టుకునేవారికి నేను పోస్ట్‌ఫిక్సే చెబుతాను.

ఇక రెండు సర్వర్లు మాట్లాడుకునే తీరు చూడండి. పంపే సర్వర్, అవతలి సర్వర్‌లో మెయిల్ కోసం ఉంచిన దారి అయిన 25వ పోర్టు తలుపు తట్టి తన పేరు చెబుతుంది. తర్వాత ఈ మెయిల్ ఎవరి నుంచో, ఎవరికో చెబుతుంది. ప్రతి మాటకూ అవతల నుంచి మూడంకెల జవాబు వస్తుంది. 250 అంటే సరే. 550 అంటే కుదరదు, మళ్లీ రావద్దు. 4తో మొదలయ్యే సంఖ్య వస్తే, ఇప్పుడు వీలుకాదు, కాసేపాగి రమ్మని. మెయిల్ అయిపోయిందని చెప్పడానికి ఒక వరుసలో ఒకే ఒక చుక్క పెట్టి ఊరుకుంటుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉన్న మర్యాదే ఈనాటికీ నడుస్తోంది.

ఆ 4తో మొదలయ్యే జవాబులో చిన్న సంస్థలకు పెద్ద ఊరట ఉంది. అవతలి సర్వర్ వీలుకాదన్నా, అసలు పలకకపోయినా, పంపే సర్వర్ మెయిల్‌ను క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజుల దాకా వదలదు. అంటే మన సర్వర్ ఒక పూట ఆగిపోయినంత మాత్రాన రావలసిన మెయిల్ పోదు, ఆలస్యమవుతుంది అంతే. యాభై మంది ఉద్యోగులున్న చోట రెండు మూడు సర్వర్ల క్లస్టర్ కట్టి దాన్ని నడపలేక సతమతమవడం కంటే, ఒక్క సర్వర్, రోజూ బ్యాకప్, ఆ బ్యాకప్‌ను అప్పుడప్పుడూ రిస్టోర్ చేసి చూసుకునే అలవాటు ఉంటే చాలు.

మెయిల్‌ను భద్రపరిచే పద్ధతి దగ్గరే నా మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. డవ్‌కాట్‌లో ఎక్కువగా వాడే మెయిల్‌డిర్ పద్ధతిని డేనియల్ బెర్న్‌స్టీన్ తన మెయిల్ సర్వర్ క్యూమెయిల్ కోసం రూపొందించారు. ఇందులో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్. టీఎంపీ, న్యూ, కర్ అని మూడు ఫోల్డర్లు. మెయిల్‌ను మొదట టీఎంపీలో రాస్తారు, రాయడం పూర్తయ్యాకే న్యూలోకి మారుస్తారు. మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనిపించదు. మెయిల్ ప్రోగ్రాం ఒకసారి చూశాక ఆ ఫైల్ కర్‌లోకి వెళ్తుంది, దాని పేరు చివర గుర్తులు చేరతాయి. ఎస్ ఉంటే చదివారని, ఆర్ ఉంటే జవాబిచ్చారని, ఎఫ్ ఉంటే ముఖ్యమని గుర్తు పెట్టుకున్నారని. సర్వర్ సాఫ్ట్‌వేర్ అంతా పాడైపోయినా ఆ ఫోల్డర్ కాపీ ఉంటే సాదా ఇంగ్లీషు ఉత్తరాలను మామూలు టెక్స్ట్ ఎడిటర్‌తోనే తెరిచి చదువుకోవచ్చు. ఇంకో సర్వర్ మీద డవ్‌కాట్ పెట్టి ఆ ఫోల్డర్‌ను దానికి చూపిస్తే మెయిల్‌బాక్స్ ఉన్నదున్నట్టు తెరుచుకుంటుంది. ఇబ్బంది లేకపోలేదు: లక్షల చిన్న ఫైళ్ల వల్ల బ్యాకప్ నత్తనడక నడుస్తుంది. అందుకే డవ్‌కాట్‌లోనే చాలా మెయిల్స్‌ను ఒక్కో ఫైల్‌లో సర్దిపెట్టే వేరే పద్ధతి కూడా ఉంది. అది వేగమైనదే, కానీ దాన్ని చదవాలంటే మళ్లీ డవ్‌కాట్ పనిముట్లే కావాలి. జింబ్రా ఉత్తరాలను ఫైళ్లుగానే దాస్తుంది గానీ, ఏది ఏ ఫోల్డర్‌లోదో, చదివారో లేదో మాత్రం డేటాబేస్‌లో రాసుకుంటుంది. ఆ డేటాబేస్ పోతే మిగిలేది ఉత్తరాల కుప్ప.

ఓపెన్ సోర్స్ అన్న మాట ఒక్కటే ఎందుకు చాలదో చెప్పడానికీ జింబ్రా ప్రయాణమే మంచి ఉదాహరణ. 2007లో యాహూ దాన్ని 35 కోట్ల డాలర్లకు కొంది. 2010లో వీఎంవేర్ చేతికి, 2013లో టెలిజెంట్ చేతికి, 2015లో సినాకోర్ చేతికి వెళ్లింది. ఉచిత ఎడిషన్‌లో ఫోన్లతో సింక్, నడుస్తుండగానే బ్యాకప్ తీసే వీలు మొదటి నుంచీ లేవు. అవి డబ్బు కట్టే ఎడిషన్‌లోనే. 2020లో 9వ వెర్షన్ వచ్చినప్పుడు సోర్స్ కోడ్ ఇచ్చారు గానీ ఉచిత ఎడిషన్‌కు సిద్ధంగా ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఇవ్వడం మానేశారు. పాత 8.8.15 వెర్షన్‌కు మద్దతు 2023తో ముగిసింది. లైసెన్స్ ఎక్కడా ఉల్లంఘించలేదు. అయినా దాన్ని నమ్ముకున్న సంస్థలు తామే బిల్డ్ చేసుకోవడమో, డబ్బు కట్టడమో, వేరే దారి చూసుకోవడమో తేల్చుకోవాల్సి వచ్చింది. సోగో కథ ఇంకోలా నడిచింది: దాన్ని తయారుచేసిన ఇన్‌వర్స్‌ను 2021లో అకమాయ్ కొన్నాక, సోగో బాధ్యతను ఆలింటో తీసుకుని కొనసాగిస్తోంది. రెండు చోట్లా యజమానులు మారారు. కాబట్టి కోడ్ ఎవరిదన్నదాంతో పాటు ప్యాకేజీలు ఎవరు కడుతున్నారు, ఆ పనిలో ఎన్ని సంస్థలున్నాయి, బ్యాకప్ లాంటి ప్రాణావసరాలు ఉచిత భాగంలో ఉన్నాయా అనేవి కూడా తెలుసుకోవాలి.

క్యాలెండర్ దగ్గర లెక్క మారిపోతుంది. మెయిల్ ప్రోగ్రాం సర్వర్‌తో మాట్లాడటానికి అందరూ ఒప్పుకున్న భాష, ఐమ్యాప్ ఉంది. క్యాలెండర్‌కు కాల్‌డ్యావ్ 2007లో, కాంటాక్టులకు కార్డ్‌డ్యావ్ 2011లో ప్రమాణాలయ్యాయి. ఐఫోన్, థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం వీటిని నేరుగా అర్థం చేసుకుంటాయి. ఏళ్లుగా ఆఫీసుల్లో పాతుకుపోయిన డెస్క్‌టాప్ అవుట్‌లుక్ మాత్రం కాల్‌డ్యావ్‌ను తనంతట తాను మాట్లాడదు. ఉద్యోగులు అవుట్‌లుక్ వదలరని తెలిస్తే, దాని సొంత భాష తెలిసిన గ్రొమ్యూనియో లాంటి సర్వరో, మధ్యలో యాడ్ఆన్ పెట్టడమో తప్పదు. అసలు ఎంపికను తేల్చేది చాలాసార్లు ఇదే. ప్రతి సోమవారం జరిగే సమావేశాన్ని సృష్టించి, ఒక్క వారం మాత్రం మంగళవారానికి మార్చి, వేరే టైమ్‌జోన్‌లో ఉన్నవారి ఫోన్‌లో సరిగ్గా కనబడుతుందో లేదో చూడండి. డెమో చూపించేవాళ్లు ఈ పరీక్ష పెట్టరు.

పెద్ద ఎత్తున మారినవాళ్లూ ఉన్నారు. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్చేంజ్ సర్వర్, అవుట్‌లుక్ నుంచి ఓపెన్-ఎక్స్చేంజ్, థండర్‌బర్డ్‌లకు మారడం 2025 అక్టోబర్‌లో పూర్తిచేసింది. 40,000కు పైగా మెయిల్‌బాక్సులు, 10 కోట్లకు మించిన మెయిల్స్, క్యాలెండర్ నమోదులు తరలించారు. చిన్న సంస్థకు ఐమ్యాప్‌సింక్ అనే పనిముట్టు చాలు. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు ఫోల్డర్లు, తేదీలు, చదివిన గుర్తులతో సహా మెయిల్‌ను కాపీ చేస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ నచ్చినా, కొనసాగిద్దామని నిర్ణయించే ముందు బాగా నిండిన ఒక మెయిల్‌బాక్స్‌ను అందులోకి తెచ్చి, మళ్లీ బయటికి తీసుకెళ్లి చూడాలి.

అప్‌డేట్ల విషయం క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో బేరం లేదు. రౌండ్‌క్యూబ్‌లో పదేళ్లుగా ఎవరి కంటా పడని ఒక లోపం 2025 జూన్‌లో బయటపడింది. లాగిన్ కాగలిగిన వాళ్లెవరైనా సర్వర్ మీద తమ కోడ్ నడిపించగలిగే లోపం అది. సవరణ విడుదలైన కొద్ది రోజుల్లోనే దాడులు మొదలయ్యాయి. అప్‌డేట్ వచ్చిన వారంలో వేయగల మనిషి సంస్థలో గానీ ఒప్పందం మీద గానీ లేకపోతే సొంత సర్వర్ పెట్టుకోవద్దు.

అన్నీ సరిగ్గా అమర్చినా, మనం పంపిన మెయిల్ అవతలివారి ఇన్‌బాక్స్‌కు చేరుతుందా అన్నది సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. మన డొమైన్ పేరుతో ఏ ఐపీ చిరునామాలు పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ ప్రతి మెయిల్‌కూ ఒక డిజిటల్ సంతకం పెడుతుంది, దాన్ని సరిచూసే తాళంచెవి డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల వివరాలు అందరికీ కనబడే చిట్టాలో ఉంటుంది. ఈ రెండూ తప్పితే ఆ మెయిల్‌ను ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. పెద్ద ఎత్తున (గూగుల్ లెక్కలో జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా) మెయిల్స్ పంపేవారికి ఈ మూడూ ఉండాల్సిందేనని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతున్నాయి. ఇవన్నీ ఉన్నా, ఇంతకుముందు ఎవరో స్పామ్ పంపిన ఐపీ మన వంతుకొస్తే ఆ మచ్చ మనకే అంటుతుంది. పైగా చాలా క్లౌడ్ సంస్థలు బయటికి వెళ్లే 25వ పోర్టును ముందే మూసి ఉంచుతాయి.

అందుకే చాలా సంస్థలకు నేను మధ్యేమార్గం చెబుతాను. అందుకోవడం, భద్రపరచడం సొంత సర్వర్ మీద. బయటికి పంపడం మాత్రం మంచి పేరున్న రిలే సేవ (మన మెయిల్‌ను అందుకుని తన సర్వర్ల నుంచి పంపిపెట్టే సంస్థ) ద్వారా. వెళ్లే మెయిల్ రిలే వాళ్ల కంటపడుతుంది, కాబట్టి వాళ్లతో ఒప్పందం జాగ్రత్తగా చదవాలి. రేపు వాళ్లు నచ్చకపోతే పోస్ట్‌ఫిక్స్‌లో రిలే చిరునామా, పాస్‌వర్డ్ మార్చి, డీఎన్‌ఎస్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు సవరిస్తే సరిపోతుంది. మెయిల్‌బాక్సుల జోలికి వెళ్లే పనే ఉండదు.