వలలో మిగిలిన చుట్టాలు

ఒడిశాలోని గంజాం జిల్లా గోపాలపూర్ ఒడ్డున వల దులిపితే చేపలు, రొయ్యలు, పీతలు బుట్టల్లోకి వెళ్తాయి. సముద్ర నక్షత్రాలు, ముళ్ల పెంకున్న సీ అర్చిన్లలో బిళ్ళల్లా చదునుగా ఉండే రకం ఇసుకలోనే ఉండిపోతాయి. మొన్న ఒక తెలుగు జాలరి నక్షత్రాన్ని వలలోంచి విడదీస్తూ, "ఇది పీతకు చుట్టమా బాబూ?" అని అడిగారు.

"పీతకంటే మనకే దగ్గర చుట్టం బాబాయ్" అన్నాను. ఆయన నమ్మలేదు.

తల కనబడదు, మెదడు లేదు, ముందూ వెనుకా తెలియవు, ఎలా నమ్ముతారు? ఈ బంధుత్వం పిండంలో బయటపడుతుంది. నక్షత్రం పిండంలో మొదట తెరుచుకునే రంధ్రం మలద్వారం అవుతుంది, నోరు తరువాత మరోచోట ఏర్పడుతుంది. వెన్నెముక ఉన్న జీవులదీ ఇదే వరస. నీటిలో ఈదే దాని డింభకానికి, అంటే ఇంకా రూపం మారని పిల్లకు, మనలాగే కుడి ఎడమలు కూడా ఉంటాయి. ఐదు భుజాలు ఆ తరువాతే వస్తాయి. 2006లో ఊదారంగు సీ అర్చిన్ జన్యుపటం వెలువడినప్పుడు అందులో దాదాపు 23,000 జన్యువులు తేలాయి. వాటిలో చాలావాటికి మనలో జోడీలున్నాయి.

సముద్ర నక్షత్రాల ఇంటి లోపలి చుట్టరికం ఇంకా ఆసక్తికరం. సముద్ర నక్షత్రాలు, ఇట్టే విరిగే సన్నని భుజాలున్న పెళుసు నక్షత్రాలు, సీ అర్చిన్లు, సముద్ర దోసకాయలు, కాడ మీద పువ్వులా నిలిచే సముద్ర లిల్లీలు: మొత్తం ఐదు శాఖలు. లిల్లీలు ముందే విడిపోయాయి. చిక్కంతా పెళుసు నక్షత్రాలతోనే వచ్చింది. ఎదిగినదాన్ని చూస్తే సముద్ర నక్షత్రానికి తోబుట్టువు అనిపిస్తుంది. డింభకాన్ని చూస్తే సీ అర్చిన్‌కు తోబుట్టువు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ రెండింటి పిల్లలకూ సున్నపు ఊచలు మోసే పొడవాటి చేతులుంటాయి. దేన్ని నమ్మాలి? ఈ వాదం చాలాకాలం తెగలేదు. 2014లో పరిశోధకులు పెద్ద సంఖ్యలో జన్యువులను పోల్చి, పెళుసు నక్షత్రాన్ని సముద్ర నక్షత్రం పక్కన, దోసకాయను అర్చిన్ పక్కన కూర్చోబెట్టారు. అంటే ఆ చేతులు రెండు కొమ్మల్లో విడివిడిగా పుట్టి ఉండాలి, లేదా అందరి పూర్వీకుడికీ ఉండి కొందరు పోగొట్టుకొని ఉండాలి. నేను మొదటి మాట వైపే మొగ్గుతాను. ఎదిగిన జీవి అస్థిపంజరం కట్టుకునే జన్యువులనే డింభకం ముందుగా వాడుకుంటోంది. సాధనం చేతిలో ఉన్నప్పుడు ఆ పని రెండుసార్లు జరగడం కష్టమేమీ కాదు.

బాబాయ్ చేతిలో ఒక ఎండిన అర్చిన్ బిళ్ళ పెట్టాను. దాని మీద పూరేకుల్లా ఐదు చుక్కల వరుసలున్నాయి. అవి బతికున్నప్పుడు నాళిక పాదాలు, అంటే గొట్టాల్లాంటి సన్నని మెత్తని కాళ్లు, బయటికి వచ్చే రంధ్రాలు. పక్కనే నక్షత్రాన్ని వెల్లకిలా తిప్పాను. ఐదు భుజాల కింది గాడుల్లో ఆ పాదాలు ఇంకా కదులుతున్నాయి. ఆయన బిళ్ళ మీది రేకులను బొటనవేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, నక్షత్రాన్ని తీసుకెళ్లి నీటిలో వదిలారు.