నవ్వులపాలైన సగటు జీతం

జీతం ఎంత పెరిగిందో చెప్పే అప్రైజల్ లెటర్ల సీజన్ మళ్లీ వచ్చింది. బెంగళూరులో మారతహళ్లి పీజీ హాస్టళ్లలో, బెళ్లందూరు టీ బండ్ల దగ్గర మనవాళ్ల మధ్య పాత గొడవే మళ్లీ రాజుకుంది. దేశంలో సగటు జీతం 21 వేలట, నీకు లక్షన్నర వస్తోంది, ఇంకా ఏడుపెందుకు అని ఒకరు. బెంగళూరులో 21 వేలతో బతికి చూపించు, అప్పుడు మాట్లాడదాం అని ఇంకొకరు. ఐటీ ఈ ఊరికి ఎలా వచ్చిందో, తెలుగువాళ్లు నైట్ బస్సులెక్కి ఎలా వచ్చారో అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం. నా లెక్కలో ఈ వాదనకు అసలు మలుపు 2024 ఆగస్టు.

ఆ నెలలో ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ ఫ్రెషర్లకు, అంటే చదువు అయిపోగానే చేరేవాళ్లకు, ఏడాదికి 2.52 లక్షల ప్యాకేజీ ప్రకటించిందన్న వార్త బయటికొచ్చింది. జనం పడీపడీ నవ్వారు. రూమ్ అద్దె కట్టి టీ తాగితే అయిపోయే జీతమని మీమ్‌లు పుట్టుకొచ్చాయి. అది ఇంజనీర్లకు కాదు, మూడేళ్ల డిగ్రీ వాళ్లకు, ఇంజనీరింగ్ చదివినవాళ్లకు 4 నుంచి 12 లక్షల దాకా ఇస్తున్నామని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. అప్పటికే వినే ఓపిక ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ 2.52 లక్షలను 12తో భాగించండి. నెలకు 21 వేలు. అదే ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికానికి ఉద్యోగాలు, సంపాదనల మీద కేంద్రం చేయించే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో నెలజీతగాళ్ల సగటు సంపాదన ఎంతో తెలుసా? 21,103 రూపాయలు. పీఎఫ్, మిగతా కోతలు పోతే ఆ ఫ్రెషర్ చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది, నిజమే. అయినా మనం నవ్వింది దేశ సగటును చూసి. ఆ సంగతి నవ్వేటప్పుడు నాకూ తట్టలేదు.

ఆ 21 వేలైనా అందరిదీ కాదు. 2023-24లో దేశంలో పనిచేసేవాళ్లలో నెలజీతం ఉన్నవాళ్లు 21.7 శాతమే. 58.4 శాతం సొంత పని చూసుకునేవాళ్లు, అంటే రైతులు, కొట్టు పెట్టుకున్నవాళ్లు, బండి తోలేవాళ్లు. వాళ్ల నెల సంపాదన సగటు 13 వేల చిల్లర. మిగిలినవాళ్లు కూలీలు, రోజుకు 433. నెలలో పాతిక రోజులు పని దొరికిందనుకున్నా పదకొండు వేలు దాటదు. 2017లో పీఎల్‌ఎఫ్‌ఎస్ మొదలవక ముందు ఉద్యోగాల మీద పెద్ద సర్వే అయిదేళ్లకోసారి జరిగేది. సొంత పని చేసుకునేవాడిని నీకెంత మిగులుతోందని అడగడం కూడా ఈ కొత్త సర్వేతోనే మొదలైంది. అందాకా దేశంలో సగానికి పైగా మనుషుల సంపాదన ఈ లెక్కలోనే లేదు.

ఈ సర్వే అంకెలతోనే 2022 మేలో ఇంకో బాంబు పేలింది. ప్రధాని ఆర్థిక సలహా మండలి కోసం తయారైన అసమానతల నివేదిక, నెలకు 25 వేలు సంపాదిస్తే నువ్వు పై పది శాతంలో ఉన్నట్టేనంది. వాడింది 2019-20 లెక్కలు. ఈ ఊళ్లో చాలామంది దాన్ని తిట్టులాగా తీసుకున్నారు. రెండేళ్లకు, 2024 మార్చిలో అసమానతల మీద పనిచేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు ఆదాయపు పన్ను వివరాలూ కలిపి లెక్కేశారు. 2022-23లో పై పది శాతంలోకి రావడానికి ఏడాదికి 2.9 లక్షలు చాలు, పై ఒక్క శాతానికి 20.7 లక్షలు. వయసొచ్చినవాళ్లందరి సగటు ఆదాయం ఏడాదికి 2.3 లక్షలు. అందరినీ వరసలో నిలబెడితే నడిమధ్యలో ఉన్న మనిషికి ఏడాదికి వచ్చేది మాత్రం లక్షా అయిదు వేలే. పైనున్న కొద్దిమంది సగటును అంత పైకి గుంజారు. తమాషా ఏమిటంటే, షేర్ మార్కెట్‌లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు డైరెక్టర్ల జీతాన్ని ఉద్యోగుల్లో ఈ నడిమధ్య జీతంతో పోల్చి చెప్పాలని 2014 నుంచి చట్టమే ఉంది. మన జీతం పోల్చుకునేటప్పుడు మాత్రం సగటునే పట్టుకుంటాం.

బెంగళూరులో ఆ జీతంతో బతకలేమన్న అవతలి వాదనలో పస లేదని కాదు. పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదిహేనేళ్లుగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఇల్లు తీసుకుంటే పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. పల్లెలూ కలిసిన దేశ సగటుతో ఇక్కడి వైట్‌ఫీల్డ్ అద్దెను కొలవకూడదన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ అదే నోటితో మేం మిడిల్ క్లాస్ అంటారే, అక్కడే నాకు లెక్క కుదరదు. 2025 బడ్జెట్‌లో ఏడాదికి 12 లక్షల దాకా పన్ను లేకుండా చేసి ఆర్థిక మంత్రి దాన్ని మధ్యతరగతికి ఊరట అన్నారు. నెలకు లక్ష. జీతగాళ్ల సగటుకే దాదాపు అయిదు రెట్లు.

మొన్న రాత్రి మా పీజీ మెస్‌లో ఇదే వాదన జరిగింది. ఆరు శాతం హైక్ వచ్చినవాడు కంచం ముందు పెట్టుకుని ఫోన్లో స్ప్రెడ్‌షీట్ తీశాడు. ఎవడో పాత 2.52 మీమ్ ఎత్తాడు, అందరూ మళ్లీ నవ్వారు. కదిరి దగ్గర నుంచి వచ్చిన వంట మాస్టర్ చారు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నవ్వులు తగ్గాక నా వైపు వంగి అడిగాడు: “మా పిల్లోడు బీఎస్సీ అయిపోగొట్టినాడు సార్. ఆ ఇరవై ఒక్క వేల పనికి ఎట్ల పెట్టుకోవాల?”