ఊగే నేల మీద మెక్సికో సిటీ: భవనాల్లోకి డాంపర్లు ఎలా వచ్చాయి

1985 సెప్టెంబర్ 19, ఉదయం 7 గంటల 17 నిమిషాలు. భూకంపం పుట్టింది పసిఫిక్ తీరం దగ్గర. అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మెక్సికో సిటీలో మాత్రం వందల భవనాలు కూలి, వేలమంది చనిపోయారు.

ఇందుకు కారణం ఆ ఊరి నేలలోనే ఉంది. స్పానిష్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన అజ్టెక్‌లు టెష్కోకో సరస్సులోని దీవి మీద కట్టుకున్న నగరమది. స్పానిష్ పాలకులు సరస్సును ఎండగట్టాక ఊరు ఆ బంకమట్టి మీదికి పాకింది. దూరం నుంచి వచ్చిన తరంగాలకు ఆ మట్టి సుమారు రెండు సెకన్లకోసారి ఊగింది. 6 నుంచి 15 అంతస్తుల భవనాల ఊపు కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ అదను చూసి తోసినట్టయింది. హ్వారెస్ ఆసుపత్రి టవర్ కుప్పకూలింది. రోజుల తర్వాత ఆ శిథిలాల్లోంచి పసికందులను ప్రాణాలతో బయటికి తీశారు. ఆ సంగతి ఎప్పుడు చదివినా నాకు గొంతు పూడుకుపోతుంది.

ఊపులోని శక్తి ఎటో ఒకవైపు పోవాలి. వేరే దారి లేకపోతే స్తంభాలను, దూలాలను పగలగొట్టుకుంటూ పోతుంది. డాంపర్ చేసే పని ఆ దారి చూపించడమే. మన బైక్ షాక్ అబ్జార్బర్‌కు పెద్దన్న అనుకోండి: భవనం ఊగితే సిలిండర్‌లో పిస్టన్ కదులుతుంది, చిక్కటి సిలికాన్ ద్రవం సన్నటి రంధ్రాల్లోంచి దూరి వేడెక్కుతుంది. ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది.

ఈ ఉపాయం మొదట ఇళ్ల కోసం పుట్టలేదు. 1897 నాటి ఫ్రెంచి ఫిరంగి పేలినప్పుడు వెనక్కి ఎగరకుండా ఆపింది ఇలాంటి ఏర్పాటే. తర్వాత అమెరికా క్షిపణి స్థావరాల్లో వాడారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక, 1990ల్లో భవనాల్లోకి బాగా వచ్చింది.

మెక్సికో సిటీలోనే 225 మీటర్ల ఎత్తైన టోరె మయోర్ అనే ఆకాశహర్మ్యానికి ఇలాంటి డాంపర్లు 90కి పైగా బిగించారు. 2003 జనవరిలో కొలిమా భూకంపం వచ్చినా దానికి దెబ్బ తగల్లేదు.

2017లో మళ్లీ అదే సెప్టెంబర్ 19న, 1985 మృతుల జ్ఞాపకార్థం నగరమంతా భూకంప డ్రిల్ చేసిన రెండు గంటలకే నేల కదిలింది. ఈసారి భూకంప కేంద్రం నగరానికి దగ్గరగా ఉంది, కంపనాలు వేగంగా వచ్చి పొట్టి భవనాల ఊపుకు దగ్గరయ్యాయి. ఎక్కువగా కూలినవి 1985 తర్వాతి నిబంధనలకు ముందు కట్టిన, తక్కువ ఎత్తున్న పాత భవనాలు. వాటిలో చాలావాటికి కింద పార్కింగ్ కోసం వదిలిన ఉత్త స్తంభాలే ఆధారం. టోరె మయోర్ నిలబడింది.