సున్నం బస్తాల దగ్గర వినిపించే మాటలు

ఒడిశాలోని రాయగడలో సున్నం లారీలు దింపే కూలీలకు జాగ్రత్తలు చెప్పడం నా పని. తెలుగువారు సున్నం అంటారు, ఒడియావారు చూన అంటారు. అపోహలు మాత్రం ఇద్దరివీ ఒకటే.

అపోహ: "తాంబూలంలో వేసుకునేదే కదా, ఏం చేస్తుంది?"

తాంబూలంలోది నీళ్లలో చల్లారిన సున్నం. బస్తాలోది నీళ్లు తగలని పొడి సున్నం, అంటే సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాల్చగా మిగిలే కాల్షియం ఆక్సైడ్. ఇది మాటలతో చెబితే ఎవరూ నమ్మరు. అందుకే ఇనుప తట్టలో నాలుగు గడ్డలు వేసి, కూలీలను దూరంగా నిలబెట్టి, కాసిని నీళ్లు చిలకరిస్తాను. ముందు ఏమీ జరగదు. ఎవరో ఒకరు నవ్వుతారు. కాసేపటికి గడ్డ చిటపటమని పగులుతుంది, ఆవిరి లేస్తుంది, రాయి కాస్తా పిండిలా రాలుతుంది. తట్ట ముట్టుకోలేనంతగా కాలుతుంది. చెమట పట్టిన మెడ మీద పడితే జరిగేదీ ఇదే.

అన్నట్టు, తాంబూలం సున్నమూ తక్కువది కాదు. పిల్లలు ప్యాకెట్ నొక్కుతూ ఆడుకుంటుంటే చిట్లి కంట్లో పడి, చూపు దెబ్బతిన్న సంఘటనలు మన దేశంలో ఉన్నాయి.

అపోహ: "సున్నం పడ్డచోట నీళ్లు పోస్తే ఇంకా కాలుతుంది."

ఇందులో సగం నిజముంది, చిక్కంతా అక్కడే. కొద్ది నీళ్లు వేడి పుట్టిస్తాయి, ధారగా పోసిన నీళ్లు ఆ వేడినీ సున్నాన్నీ కడిగేస్తాయి. ఒంటి మీద పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, బట్టలు విప్పి, కనీసం ఇరవై నిమిషాలు కుళాయి కింద ఉండాలి. కంట్లో పడితే మాత్రం క్షణం ఆగకూడదు. రెప్పలు విప్పి పట్టుకుని కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. సున్నం క్షారం, అది పైపొరతో ఆగదు, లోపలికి దిగుతూ పోతుంది. ఒక గోదాములో కుర్రవాడి కంట్లో సున్నం పడితే మేస్త్రీ కొబ్బరినూనె వేసి ఆటో ఎక్కించాడు. కుళాయి పది అడుగుల దూరంలోనే ఉంది.

సున్నానికి విరుగుడని కొందరు చెప్పే నిమ్మరసం, వెనిగర్ సంగతి అడగనే వద్దు. వాటిని వెతికే సమయంలో ఒక బకెట్ నీళ్లు పోయవచ్చు.

అపోహ: "సున్నం మండదు, ఎక్కడ పెట్టినా ఒకటే."

అది మండదు, పక్కనున్నదాన్ని మండిస్తుంది. వానకు రేకు కారి బస్తాలు తడిస్తే, ఆ వేడికి గోనె, రంపపు పొట్టు అంటుకోవచ్చు. బస్తాలు నేలకు ఎత్తుగా పేర్చాలి. తడిసినదాన్ని డబ్బాలో బిగించి మూయకూడదు. కలిపేటప్పుడు నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు.

అపోహ: "ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలు."

చెమటకు తడిసిన తువ్వాలులో సున్నం చేరి పెదవులకే అంటుకుంటుంది. ధూళి మాస్కు, పక్కలు మూసిన కళ్లద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా కావాలి. ప్యాంటు బూటు మీదికి వేలాడాలి, లోపలికి దోపకూడదు. దోపితే రాలిన సున్నమంతా బూటులోకి చేరి, సాయంత్రం దాకా చెమటలో నానుతుంది. మడమ పుండు పడితే గానీ కొందరు ఆ ప్యాంటు బయటికి తీయరు.